ఇనుముకి వెండి మాటు

రాక్ క్రాలర్ అంటే పరిగెత్తే బొమ్మ కారు కాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మిగతాదంతా వింతగా ఉంటుంది. రిమోట్ కార్లలో వేగం కోసం పుట్టినవి వేరే ఉన్నాయి. క్రాలర్ మనిషి నడక కంటే నెమ్మదిగా పోతుంది. డిఫరెన్షియల్ లాక్ చేసి ఉంటుంది కాబట్టి నాలుగు చక్రాలూ ఒక్కలాగే తిరుగుతాయి. ఒక చక్రం గాల్లో ఉన్నా మిగతా మూడూ రాయిని కరుచుకుని లాగుతాయి. ఇరుసులు ఒకదానికొకటి సంబంధం లేనట్టు అటొకటి ఇటొకటి ఒరుగుతాయి. అది చేయాల్సిన పనులు మూడే: బండ ఎక్కడం, బండ దిగడం, బోల్తా పడకుండా ఉండడం. మూడోదే కష్టం.

హైదరాబాద్‌లో ఉంటూ ఈ పిచ్చి పట్టకుండా ఉండటమే విచిత్రం అంటాను నేను. ఖాజాగూడ గుట్టల మీద గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఉల్లిపాయ పొరల్లా పెచ్చులూడి, గుండ్రబడి, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కూర్చున్న బండలు. వాటి గరుకు రబ్బరు టైరుకి దొరికే మహాభాగ్యం. ఎక్కడో విదేశాల్లో ఈ సరదా ఉన్నవాళ్ళు పెరట్లో సిమెంటుతో రాళ్ళు పోసుకుంటారు. మనకి బైక్ స్టాండ్ వేసి నాలుగడుగులు వేస్తే చాలు. ఎన్నాళ్ళుంటాయో మాత్రం తెలీదు. ప్రతి ఏడాదీ గుట్ట అంచున ఇంకో టవర్ లేస్తోంది.

ఆదివారం పొద్దున్న అక్కడ నా చేతిలో రిమోట్ చూసి వాకింగ్‌కొచ్చిన పెద్దాయన ఎవరో ఒకరు అడుగుతారు, "బాబుదా అమ్మా?" అని. "కాదండీ, నాదే" అంటే ఒక చిన్న నవ్వు నవ్వి ముందుకెళ్ళిపోతారు. అలవాటైపోయింది.

ఇరుసులు, గేర్‌బాక్సు, మోటారు, టైర్లు కొనుక్కున్నాను. అవి ఇంట్లో చేసేవి కావు. ఛాసీ మాత్రం నేనే చేసుకోవాలనుకున్నాను. పదింట ఒక వంతు కొలతలో ఉండే బండి ఇది. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 313 మిల్లీమీటర్లు. నిజం జీపులో ఉన్నట్టే పొడవునా రెండు పట్టాలు, మధ్యలో గేర్‌బాక్సు కూర్చునే అడుగు పలక, షాక్ అబ్జార్బర్లు వేలాడే నాలుగు కొమ్ములు, పైన గొట్టాలతో అల్లిన పంజరం. చూడ్డానికి ఇంతే. కానీ దేన్ని ఏ లోహంతో చెయ్యాలి, దేన్ని దేనికి ఎలా అతకాలి అన్న రెండు ప్రశ్నలు నన్ను ఎనిమిది నెలలు తిప్పాయి. చివరికి తెనాలి దాకా.

ముందు లోహం సంగతి.

ఎవరినడిగినా మొదట చెప్పేది అల్యూమినియం. తేలిక కదా. నిజమే, ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు. ఉక్కు 7.85. ఇత్తడి 8.5 దాకా ఉంటుంది. నా పట్టాలు ఒక్కోటి 300 మి.మీ. పొడవు, 25 వెడల్పు, 2 మందం. రెండూ కలిపి అల్యూమినియంతో చేస్తే 81 గ్రాములు, ఉక్కుతో అయితే 235. తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయితే తేలికతో పాటే వంగే గుణం కూడా వస్తుంది. అదే కొలతల రేకు తీసుకుంటే అల్యూమినియం ఉక్కు కంటే మూడు రెట్లు సులువుగా వంగుతుంది. మరి అల్యూమినియం విమానాలకెలా పనికొచ్చింది అంటే, బరువు తక్కువ కాబట్టి మందం పెంచుకోవచ్చు. రేకు మందం రెండింతలైతే దాని బిగువు ఎనిమిదింతలవుతుంది. ఒకే బరువున్న రెండు రేకుల్లో, మందంగా ఉన్న అల్యూమినియం రేకే ఎక్కువ మొండికేస్తుంది. చోటుంటే అల్యూమినియం, చోటు లేకపోతే ఉక్కు. ఇంతకు మించిన సూత్రం నాకు దొరకలేదు.

రాణిగంజ్ కొట్లలో అల్యూమినియం అడిగితే ముందు చూపించేవి కిటికీల సెక్షన్లు. అది 6063. కిటికీకి కావలసిన నునుపు, నాజూకు దానికున్నాయి, బండకి కావలసిన మొండితనం లేదు. నాకు కావలసింది 6061, టీ6 పదును పెట్టింది. ఆ అంకెలు పలికేసరికి కొట్టతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "ఏం జేస్తరు మేడం దీంతోని?" అన్నాడు. బొమ్మ కారు అంటే పరువు పోతుందని "రోబో" అన్నాను. హైదరాబాద్‌లో రోబో అంటే ఎవరూ ఇంకేం అడగరు. ఎవరి ఆర్డరుకో కోయగా మిగిలిన ముక్కలు వెనక ఒక డ్రమ్ములో ఉన్నాయి. అందులోంచి వెతుక్కోమన్నాడు. కిలో లెక్కన ఇచ్చాడు.

6061కి ఒక చెడ్డ బుద్ధి ఉంది. పదును పెట్టాక దాన్ని మడవబోతే మడత మీద నెర్రెలిస్తుంది. మడతలో పెద్ద గుండ్రం ఇస్తే ఊరుకుంటుంది, కొసదేరిన మడతకి ఒప్పుకోదు. అందుకని బ్యాటరీ తట్టలాంటి మడత పెట్టాల్సినవన్నీ 5052 రేకుతో చేశాను. బలం కాస్త తక్కువ, కానీ చెప్పినమాట వింటుంది. చిన్నప్పుడు మా ఇంట్లో ఇవన్నీ ఒకటే. సత్తు గిన్నె అనేవాళ్ళు. కొంచెం ఖరీదైనదైతే హిండాలియం. అవి వేరువేరు లోహాల కలగలుపులని, ఒక్కో దానికి ఒక్కో స్వభావమని తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

ఇత్తడి ఎందుకు అంటారా? అంత బరువుగా, అంత మెత్తగా ఉండే లోహం బండికి దేనికి? బరువు కోసమే. క్రాలర్ వాళ్ళు బరువుని తిట్టరు, బరువు ఎక్కడుందో చూస్తారు. చక్రాల మధ్యలో, ఇరుసుల చివర్లలో ఇత్తడి బిళ్ళలు పెట్టుకుంటారు. కింద బరువుంటే బండి బండని అంటిపెట్టుకుంటుంది. పైన బరువుంటే దొర్లుతుంది. తంజావూరు బొమ్మ లెక్క.

అసలు చిక్కు పైనున్న పంజరంతో వచ్చింది.

దాన్ని అల్యూమినియంతో చెయ్యొచ్చు కదా అని మీకనిపించాలి. నాకూ అనిపించింది. కానీ పంజరమంటే అతుకుల మయం. నాదాంట్లో 22 అతుకులు. అల్యూమినియంని అతకడం ఒక శిక్ష. అది 660 డిగ్రీలకి కరుగుతుంది. దాని మీద గాలి తగిలిన క్షణంలో పుట్టే ఆక్సైడ్ పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. లోపల నీరైపోయి, పైన తోలు అలాగే ఉంటుంది. ఉక్కు అయితే ఎర్రబడి మనకి చెబుతుంది, ఇక చాలు అని. అల్యూమినియం రంగు మారదు. చూస్తూ చూస్తూ ఉండగా హఠాత్తుగా కూలబడిపోతుంది. ఏసీ కరెంటుతో టిగ్ వెల్డింగ్ చేసేవాళ్ళు దాన్ని లొంగదీస్తారు. అప్పుడు కూడా అతుకు చుట్టుపక్కల టీ6 పదును పోయి, బలంలో మూడో వంతు పైన జారిపోతుంది. అంటే ఎక్కువ డబ్బిచ్చి కొన్న గుణాన్ని అతుకు దగ్గరే, ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే, కాల్చేసుకుంటాం.

కాబట్టి పంజరానికి ఉక్కు. 6 మి.మీ. కడ్డీ అయితే ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా దొరుకుతుంది. కానీ మీటరుకి 222 గ్రాములు తూగుతుంది. నాకు రెండున్నర మీటర్లు కావాలి, అంటే అరకిలో పైన, అదీ బండి నెత్తిన. ఇక్కడ నాకు దారి చూపించింది వాహనాల బ్రేకు గొట్టం. బండీ ట్యూబ్ అంటారు. రాగి పూసిన ఉక్కు రేకుని రెండు చుట్లు చుట్టి, కొలిమిలో ఆ రాగి కరిగి చుట్లు అతుక్కునేలా చేసిన గొట్టం. ఫ్రిజ్ వెనక ఉండే నల్ల గొట్టాలు కూడా చాలావరకు అదే జాతి. పావు అంగుళం గొట్టం, గోడ మందం 0.7 మి.మీ. ఉన్నది తీసుకుంటే మీటరుకి 97 గ్రాములు. వంపుని తట్టుకోవడంలో మాత్రం ఆ కడ్డీకి ఐదింట నాలుగు వంతులు సరితూగుతుంది. సగం కంటే తక్కువ బరువు! ఎందుకంటే వంగేటప్పుడు భారమంతా అంచుల మీదే పడుతుంది, మధ్యలో ఉన్న ఇనుము ఊరికే కూర్చుని తింటుంది. వెదురుబొంగుకి ఈ సంగతి ఎప్పట్నుంచో తెలుసు.

మొత్తం మీద 300 గ్రాములు మిగిలాయి. కాగితం మీద లెక్కేస్తే, బండి పక్కకి ఒరిగి పడిపోయే కోణం 44 డిగ్రీల నుంచి 48కి పెరిగింది. నాలుగు డిగ్రీలే కదా అనకండి. ఆ నాలుగు డిగ్రీలలోనే నా ఆదివారాలన్నీ ఉన్నాయి.

ఇక అతకడం.

పట్టాలకి, అడుగు పలకకి బోల్టులే. దీంట్లో నాకు రెండో ఆలోచన లేదు. గేర్‌బాక్సు విప్పాలి, ఇరుసుల లింకులు చోటు మార్చి చూడాలి, ఇసుక దూరితే కడగాలి. విప్పే అవసరమున్న చోట శాశ్వతమైన అతుకు వెయ్యడం అహంకారం. ఎం3 బోల్టులు, నైలాన్ నట్లు. 2 మి.మీ. అల్యూమినియంలో నేరుగా మర కోస్తే నాలుగే నాలుగు చుట్లు దొరుకుతాయి, పది సార్లు విప్పి బిగిస్తే అరిగిపోతాయి. అందుకని వెనకాల నట్టు పెట్టడమే మేలు. పాప్ రివెట్లు బ్యాటరీ తట్టకి చాలు. ఎపాక్సీ జిగురు గురించి మా గుంపులో ఒకతను గంటసేపు మాట్లాడగలడు. నేను పది నిమిషాలు విన్నాను.

పంజరానికి బోల్టులు కుదరవు. 22 అతుకులకి 22 చెవులు, 22 బోల్టులు అంటే మిగిల్చిన బరువంతా మళ్ళీ నెత్తికెక్కినట్టే. గేట్లు, గ్రిల్స్ చేసే ఒక వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళాను. ఆయన గొట్టాన్ని వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూశాడు. "గింత సన్నగుంటే రాడ్ వెట్టంగనే బొక్క వడ్తదమ్మా" అన్నాడు. అయినా నా మొహం చూసి ఒకటి ప్రయత్నించాడు. ఆయన చెప్పినట్టే అయింది. గొట్టం చివర కొవ్వొత్తిలా కరిగి, కంత పడింది. ఆయన దగ్గరున్నది గేట్లకి వాడే ఆర్క్ మిషను. ఆ కరెంటుకి 0.7 మి.మీ. గోడ అంటే అగరబత్తీతో సాలెగూడు కుట్టినట్టు. బాలానగర్‌లో టిగ్ చేసేవాళ్ళున్నారు కానీ ఒక్క పీసుకి, అదీ 22 చిన్న చిన్న అతుకులకి, మిషను సెట్ చేయడం వాళ్ళకి గిట్టుబాటు కాదు. వాళ్ళ తప్పు లేదు.

మిగిలింది బ్రేజింగ్. అసలు లోహాన్ని కరిగించకుండా, అంతకంటే తక్కువ వేడికి కరిగే ఇంకో లోహాన్ని సందులోకి పారించడం. పాత సైకిళ్ళ ఫ్రేములన్నీ ఇలా ఇత్తడితో అతికినవే. దీని గురించి చదువుతూ చదువుతూ ఉంటే ఒక పేరాలో బోరాక్స్ అని వచ్చింది. బోరాక్స్ అంటే వెలిగారం. నేను చదవడం ఆపేశాను.

మా నాన్న కంసాలి. తెనాలిలో మా ఇంటి అరుగు మీదే పని. కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, చిన్న దాగలి, రాతి మీద నీళ్ళు చుక్కేసి అరగదీసిన వెలిగారం. ఆ తెల్లటి గంధం లాంటి ముద్ద నా చిన్నతనమంతా అరుగు మీద ఉంది. దాన్ని ముట్టుకునే పని మాత్రం అన్నయ్యది. వాడికి పదేళ్ళప్పుడే నాన్న మాటు పెట్టడం నేర్పించాడు. నేను పక్కన కూర్చుంటే "లోపలికెళ్ళమ్మా, నిప్పు" అనేవాడు. నిప్పు వాడిని కాల్చదా అని అప్పుడు అడగలేదు. ఆడపిల్ల ఇంకో ఇంటికి పోయేది, ఇంటి విద్య ఆమెతో పోకూడదు అనే లెక్క ఒకటి ఉండేదని తర్వాత తెలిసింది. అన్నయ్య ఇంజనీరింగ్ చదివి డాలస్ వెళ్ళాడు. పెద్ద షోరూములు వచ్చాయి, మిషను నగలు వచ్చాయి, అరుగు మీద పని చిల్లర రిపేర్లకి దిగి, అదీ ఆగిపోయింది. కుంపటి అటకెక్కింది. మొత్తానికి విద్య ఎవరితోనూ పోలేదు, ఎక్కడికీ పోలేదు. అటక మీద ఒక ట్రంకు పెట్టెలో ఉంది.

ఇంకొకటి కూడా ఉంది. కేడీఎం. ఒకప్పుడు ప్రతి నగల కొట్టు బోర్డు మీదా కనబడేది, "కేడీఎం నగలు" అని. చాలామంది అదేదో నాణ్యతకి పేరనుకునేవాళ్ళు. అది కాడ్మియం. పాత మాటులో రాగి, వెండి కలుస్తాయి కాబట్టి నగ మొత్తం కరిగిస్తే బంగారం వన్నె తగ్గేది. బంగారంలో కొంచెం కాడ్మియం కలిపి మాటుగా వాడితే, అతికేటప్పుడు ఆ కాడ్మియం చాలావరకు ఆవిరై పోతుంది, వన్నె నిలుస్తుంది. కాడ్మియం 321 డిగ్రీలకి కరుగుతుంది, 767కి మరుగుతుంది. మాటు పెట్టే వేడి దానికి ఎక్కువే. ఆవిరై పోతుంది అంటే ఎక్కడికి పోతుంది? ఊదుగొట్టం పట్టుకుని జానెడు దూరంలో మొహం పెట్టినవాడి లోపలికి. ఊపిరితిత్తులకి, మూత్రపిండాలకి అది విషం. కొన్నవాళ్ళ మెడలో వన్నె తగ్గకూడదని చేసినవాళ్ళ ఛాతీలోకి పంపిన పొగ అది. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేయడం మొదలుపెట్టారు. కేడీఎం బోర్డులు పోయాయి. నాన్న దగ్గు పోలేదు. ఛాతీ డాక్టరు "ఏం పని చేసేవారు?" అని అడిగి, జవాబు విని, రాసుకున్నాడు. దాని వల్లే అనలేదు, కాదనీ అనలేదు. పొగకి దూరంగా ఉండమన్నాడు.

అందుకని ఆయన్ని అడగాలా వద్దా అని నెల రోజులు తర్జనభర్జన పడ్డాను. నేర్చుకోవాలంటే యూట్యూబ్ ఉంది. కాడ్మియం లేని 45 శాతం వెండి తీగ వెల్డింగ్ సామాన్ల కొట్లలో దొరుకుతుంది, దానికి తగ్గ ఫ్లక్సు డబ్బా కూడా. నాకు నాన్న అవసరం లేదు, నిజానికి. ఉన్నట్టు చేసుకున్నాను. ఒక శుక్రవారం రాత్రి కోసిన గొట్టాలు, గ్యాస్ టార్చి, తీగ, ఫ్లక్సు అన్నీ సంచిలో వేసుకుని తెనాలి రైలెక్కాను.

ఒక్క షరతు పెట్టాను. నిప్పు పని డాబా మీద, గాలి వాటం చూసుకుని. ఆయన కుర్చీ గాలికి ఎగువన, ఆరడుగుల దూరంలో. చెప్పడం ఆయన పని, చేయడం నా పని. ఆయన తలూపాడు. ఆ ఆరడుగులు అరగంటలో మూడయ్యాయి. నేను కుర్చీని వెనక్కి లాగడం, ఆయన ముందుకి జరగడం ఆ రెండు రోజులూ జరుగుతూనే ఉంది.

"ఏందమ్మా ఇది, ఇనుముకి వెండి మాటా?" అన్నాడు మొదట. వెండిని అవమానించినట్టు బాధపడ్డాడు. తర్వాత గొట్టాల చివర్లు చేతిలోకి తీసుకున్నాడు. ఒక గొట్టం ఇంకో గొట్టాన్ని ఆనుకునే చోట చేప నోరులా గుంట తియ్యాలి. గొట్టం మందమే ఉన్న గుండ్రటి ఆకురాయితో రాస్తే అదే కుదురుతుంది. నేను బాగానే రాశాననుకున్నాను. ఆయన రెండూ ఆనించి సూర్యుడి వైపు పట్టి, సందులోంచి వెలుగు చూపించాడు. "ఇదంతా ఏం పెట్టి నింపుతావు?" అన్నాడు. పుస్తకాల్లో దీన్నే 0.05 నుంచి 0.15 మి.మీ. సందు అంటారు. సందు అంతకంటే ఎక్కువైతే కరిగిన మాటు దానంతటది లోపలికి పీల్చుకోదు. ఆయన కొలబద్ద ఎండే. శనివారం పొద్దున్నంతా ఆకురాయి పని అయింది. నా చూపుడువేలు బొబ్బలెక్కింది.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను చదివిన ఏ పాఠంలోనూ నా కంట పడలేదు. "గాలి పోయే దారేది?" గొట్టానికి రెండు వైపులా అతుకులే అయితే లోపలి గాలి వేడెక్కి, ఉబ్బి, పారుతున్న మాటుని బుడగలా బయటికి తోసేస్తుంది. అమ్మ మెళ్ళో గుళ్ళ పేరు ఉంటుంది. బోలు గుళ్ళకి ఒక్కోదానికి సూది మొన అంత కంత ఉంటుందని, అది అందుకేనని అప్పుడు చెప్పాడు. ఇన్నేళ్ళు ఆ గొలుసుతో ఆడుకున్నాను, ఆ కంతలు దారానికనుకున్నాను. ప్రతి గొట్టానికీ కనబడని వైపు 1 మి.మీ. కంత వేశాం.

నిప్పు దగ్గర మొదటి గొడవ వచ్చింది. నేను తెచ్చిన ఫ్లక్సు డబ్బా ఆయన వాసన చూసి పక్కన పెట్టాడు. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది, పొగ ఘాటు. ట్రంకు పెట్టెలోంచి వెలిగారం గడ్డ దింపించాడు, రాతి మీద అరగదీశాడు, కోడి ఈకతో అతుక్కి పూశాడు. నేను టార్చి పెట్టాను. తీగ ఆనించాను. తీగ కరిగింది. కరిగి ముత్యంలా గుండ్రంగా చుట్టుకుని, అతుకు మీద నిలబడింది. పారలేదు. ఇంకా వేడి పెట్టమన్నాడు. పారలేదు. ఆ ముత్యం జారి డాబా మీద పడింది. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. యాభై ఏళ్ళు ఆయన మాట విన్న పదార్థం అది.

కారణం చిన్నదే. వెలిగారం కరిగి గాజులా పారడానికి 740 డిగ్రీలు దాటాలి. నా 45 శాతం తీగ 680 దగ్గరే పారిపోవడానికి సిద్ధమవుతుంది. అంటే దారి ఊడ్చేవాడు నిద్ర లేవకముందే పెళ్ళికొడుకు వచ్చేశాడు. తుప్పు పొర అలాగే ఉన్న ఇనుము మీద వెండి నిలబడదు. ఆ తీగ దాని ఫ్లక్సుతో పుట్టింది, వెలిగారం దాని మాటుతో పుట్టింది. ఇది నేను ఫోన్లో అంకెలు చూసి చెప్పబోతున్నాను. ఆయన తీగ ముక్కని గోటితో గీరి, "ఇది తొందరగల మాటమ్మా, దీనికి వెలిగారం అందుకోలేదు" అని నా కంటే ముందే తేల్చేశాడు.

రెండు దారులు. నా ఫ్లక్సు వాడటం, లేదా ఆయన మాటు చెయ్యడం. ఆయన లోపలికెళ్ళి అమ్మతో ఏదో మాట్లాడి, ఒక తెగిన వెండి పట్టీ పట్టుకొచ్చాడు. అది నాదేనట, మూడో తరగతిలోది. రెండు పాళ్ళ వెండికి ఒక పాలు ఇత్తడి. మూసలో నేనే కరిగించాను, ఆయన దూరం నుంచి రంగు చూసి చెబుతుంటే. ఇత్తడిని మరీ కాలిస్తే అందులోని తుత్తునాగం తెల్లటి పొగై పోతుంది, మాటు గుణం మారిపోతుంది, పీల్చినవాడికి రాత్రి జ్వరం. అందుకని ముందు వెండి, అది కరిగాక ఇత్తడి, వెంటనే దించెయ్యడం. ఆ కడ్డీని దాగలి మీద సాగగొట్టి, కత్తెరతో సన్నగా కోశాం.

ఈసారి వెలిగారం ముందు పొంగింది, తర్వాత అణిగింది, తర్వాత గాజులా మెరిసింది. ఇనుము చెర్రీ రంగుకి వచ్చింది. "తీగ మీద కాదమ్మా, అవతలి వైపు పెట్టు మంట" అన్నాడు. పెట్టాను. మాటు ఉన్నచోటు నుంచి కదిలి, సందులో దూరి, నిప్పున్న వైపు వచ్చేసింది, కంటి ముందే, పాదరసంలాగా. మాటు వేడిని వెతుక్కుంటూ పోతుందని వంద సార్లు చదివాను. చదవడానికీ, వెండి అలా వెళ్ళిపోవడం చూడ్డానికీ సంబంధమే లేదు.

రెండు రోజుల్లో 19 అతుకులు. చింతపండు పులుసులో ఉడకబెట్టి వెలిగారపు గాజు పెంకు వదిలించాం. అమ్మ ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వనంది. ఆయన ఒక్కో అతుకునీ కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి చూశాడు. ఎక్కడా బాగుందనలేదు. కొన్ని చోట్ల వేలితో తట్టి, "ఇక్కడ ఎక్కువ కారింది, రాసెయ్" అన్నాడు. నగ మీద మాటు కనబడటం ఆయనకి సిగ్గుచేటు. బండరాళ్ళ మీద పడి దొర్లే ఇనుప పంజరానికి ఆ మర్యాద అవసరమా అని నేనడగలేదు. రాశాను. ఆదివారం సాయంత్రం అన్నయ్య వీడియో కాల్ చేసి అంతా చూసి, "నాకు నేర్పేటప్పుడు ఈ ఓపికంతా ఎక్కడ పెట్టావు నాన్నా? చెయ్యి కాల్చుకున్నా తిట్టేవాడివి" అన్నాడు నవ్వుతూనే. నాన్న కూడా నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఎంతసేపటికీ ఆగలేదు. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా ఉంది నాతో. మిగిలిన మూడు అతుకులకి ఆ పూట టార్చి వెలిగించలేదు.

వాటిని హైదరాబాద్ వచ్చాక మా డాబా మీద నేనొక్కదాన్నే పెట్టాను, ఆయన కట్టిచ్చిన మాటు ముక్కలతో, వెలిగారంతో. రెండు బాగా వచ్చాయి. మూడోది కొంచెం కారింది. రాశాను.

పంజరం మొత్తం 251 గ్రాములు తూగింది. అందులో వెండి ఎంతో లెక్క కట్టలేదు. పట్టాలకి ఆరు ఎం3 బోల్టులతో బిగించాను, విప్పుకోవడానికి వీలుగా. ఖాజాగూడలో ఒక నిలువు పగులు ఉంది, దాని పేరు మా గుంపులో "అత్తగారు". అక్కడ నుంచి నా బండి ఇప్పటికి ఏడెనిమిది సార్లు వెల్లకిలా పడింది. గొట్టాలు రెండు చోట్ల సొట్టపోయాయి. అతుకులు ఊడలేదు. ప్రతిసారీ ఫోటో తీసి నాన్నకి పంపిస్తాను. ఆయన దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసి అతుకులు మాత్రమే చూస్తాడని అమ్మ చెబుతుంది.

మొన్న ముందు బంపరు చేశాను. ఊరు వెళ్ళకుండా, నిప్పు లేకుండా తేల్చేద్దామని 5052 పట్టీతో మడిచి, నాలుగు బోల్టులతో బిగించాను. ఫోటో పంపిన పది నిమిషాలకి ఫోన్. "అదేంది, అక్కడ చీలలు కొట్టావు?" విప్పడానికి వీలుంటుంది నాన్నా అన్నాను. "బంపరు ఎవరు విప్పుతారే? విప్పి పట్టుకురా. గాలికి ఎగువనే కూర్చుంటాలే."

అల్యూమినియంకి వెండి మాటు పనికిరాదు, వెండి పారేలోగా అది కరిగిపోతుందని ఆయనకి చెప్పాలి. ఉక్కుతో ఇంకోటి కోస్తున్నాను.